పడమటి ఆకు దూసిన రోజు

సువర్ణద్రోణి రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో, మూడు కొండలు భుజం భుజం ఆనించుకుని నిలబడ్డ చోట, మధుశైలం అనే వాలు ఉంది. ఆ వాలు మీద ఏడు వరసల ద్రాక్షతోట. నిలువు పందిళ్లకు చేతులు చాపుకుని తీగలన్నీ ఉత్తర దక్షిణాలుగా బారులు తీరి ఉంటాయి. ఉదయపు కిరణాలు తూర్పు కొండ దిగి ఒక్కొక్క గుత్తినీ పలకరిస్తూ పోతుంటే, నీలాలూ కెంపులూ కలిపి గంపలకెత్తి పోసినట్టు లోయంతా నిగనిగలాడిపోతుంది. ఈ తోటను పొగడడానికి దేశదేశాల నుంచి కవులు వచ్చేవారు. వచ్చి, ఇక్కడి ద్రాక్షాసవం రుచి చూసి, పద్యం సగంలో ఉండగానే నిద్రపోయేవారు. అందుకే ఈ తోట మీద పూర్తి పద్యం ఒక్కటీ లేదు.

ఇంత సొగసైన తోటలోకి ఆ రోజు రెండో జాములో అడుగుపెట్టిన మనిషికి మాత్రం సొగసు చూసే ఓపిక లేదు. వీపు మీద మణుగు మైనం మూట. కాళ్లలో మూడు రోజుల కొండదారి నడక. కాగుల మూతులు బిగించే మైనం కోసం వెళ్లి, దారిలో ఎలుగుబంటి తరిమితే చెట్టెక్కి ఒక పూట కూర్చుని, వాగు పొంగితే ఇంకో పూట ఒడ్డున ఆగి, ఎలాగో వచ్చిపడ్డాడు. తోటలో అందరూ అతన్ని కొండడు అంటారు. ఆకులు దూసే కూలీ. కనుబొమల దాకా లాగి కట్టిన పదహారు మూరల తలపాగా అతని గుర్తు. స్నానం చేసేటప్పుడు కూడా దాన్ని తియ్యడని తోటి కూలీలు ఆటపట్టించేవారు.

తియ్యకపోవడానికి కారణం ఉంది. ఆ తలపాగా కింద, నుదుటి నడుమ, పుట్టుకతో వచ్చిన నెలవంక మచ్చ ఉంది. కొండడి అసలు పేరు హిమకేతు. నీలావతీ రాజ్యాధిపతి వసంతకేతు మహారాజుకు స్వయానా తమ్ముడు.

మూడేళ్ల కిందట శుష్కనేత్రుడనే మాంత్రికుడు నీలావతి మీద కన్నేశాడు. గురువు దగ్గర అతను సంపాదించినవి రెండే రెండు శిలామంత్రాలు. ఒకటి అన్నగారి మీద ప్రయోగించాడు. రెండోది తను ముఖం ఎరగని తమ్ముడి కోసం దాచిపెట్టాడు. అయితే ఆ నెలవంకను కళ్లారా చూస్తేగాని రెండో మంత్రం పారదు. రాయిని తిరిగి మనిషిని చేసే రసం మధుశైలం వెనక గుహలో, తామ్రజిహ్వుడనే యక్షుడి దగ్గర ఉంది. ఆ యక్షుడి నాలుక రాగిరంగు. ద్రాక్షాసవం ఒక్క చుక్క వేసుకుంటే ఆ పండు ఏ పూట ఎండ ఎంత తాగిందో చెప్పేస్తాడు.

"ఎండ తప్పు లేని ఆసవం ఒక కాగు తెచ్చినవాడికి రసం ఇస్తాను. మూడుసార్లు తేవచ్చు. అందాకా నీ అన్నలో రాయిని పాదాల దగ్గరే ఆపుతాను. తప్పిన ప్రతిసారీ అది ఇంకొంత పైకి పాకుతుంది" అని షరతు పెట్టాడు యక్షుడు. మాంత్రికుడికీ ఒక కట్టడి చేశాడు. శుష్కనేత్రుడి చెయ్యి ఆ తోటలో ఒక్క తీగను తాకినా రసం అడక్కుండానే హిమకేతుకు దక్కుతుంది.

మొదటి ఏడు హిమకేతు రాజకుమారుడి తెలివి చూపించాడు. ఎండ వల్లే పండు తియ్యనవుతుంది కనుక ఎండంతా పోద్దామని, తన వంతు తీగలకు రెండు వైపులా ఆకు మిగల్చకుండా దూసిపారేశాడు. కాయలు తోలు ముడుచుకుపోయి, కమిలి, సగం గుత్తిలోనే ఎండిపోయాయి. తామ్రజిహ్వుడు ఆసవం పుక్కిలించి ఊశాడు. "ఇది పండు రసం కాదు, పండు ఉడికిన పులుసు. మిట్టమధ్యాహ్నాన్ని తెచ్చి నా గొంతులో పోశావు" అన్నాడు. ఆ పూటే నీలావతిలో వసంతకేతు మోకాళ్ల దాకా రాయి అయ్యాడు.

రెండో ఏడు భయపడి ఒక్క ఆకూ ముట్టుకోలేదు. తీగ గొడుగులా కమ్ముకుంది. గుత్తులు చీకట్లోనే పెరిగి, పాలిపోయి, పులుపు దిగకుండానే కోతకు వచ్చాయి. "పచ్చి ఆకు నమిలినట్టుంది. ఈ పండు పొద్దు ముఖమే ఎరగదు" అన్నాడు యక్షుడు. అన్నగారు గుండెల దాకా రాయి అయ్యాడు. ఇక మిగిలింది తల. మిగిలింది ఒక్క కాగు.

ఆ తర్వాతే అతను తెలివి పక్కన పెట్టి, తోటకు ఆకుపెద్ద అయిన పోలేరక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆకుపెద్ద అంటే ఏ తీగకు ఏ రోజు ఏ ఆకు తియ్యాలో చెప్పే మనిషి. పోలేరక్కకు అరవై దాటాయి, పళ్లు ఆరు మిగిలాయి, మాట మాత్రం ఒక్కటీ రాలిపోలేదు.

"పొద్దుటెండ తల్లిలాంటిదిరా కొండా, ఒళ్లు నిమురుతుంది. పడమటెండ సవతితల్లిలాంటిది, వాత పెడుతుంది" అని చెప్పింది. "కాయ శనగగింజంత ఉన్నప్పుడే తూర్పువైపు ఆకు దూసెయ్. చిన్నప్పటినించి పొద్దు చూసిన కాయ తోలు గట్టిపడుతుంది, రంగు తిరుగుతుంది, పచ్చివాసన పోతుంది. పడమటివైపు ఆకు మాత్రం కోతదాకా ముట్టుకోకు. నీడలో పెరిగిన కాయను పండే వేళ ఒక్కసారి ఎండకు చూపించావా, ఒక్క పూటలో కమిలిపోతుంది."

ఈ మూడో ఏడు ఆమె చెప్పినట్టే చేశాడు. కోతకు ఇక పదకొండు రోజులే ఉంది. గుత్తులు చూస్తే కడుపు నిండేలా ఉన్నాయి. మైనం మూట మోస్తూ దారంతా అతను తలచుకున్నది ఆ గుత్తులనే.

తోట మలుపు తిరిగి తలెత్తాడు. మైనం మూట వీపు మీంచి జారి కిందపడింది.

ఏడు వరసలకూ పడమటివైపు ఆకు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. కూలీలంతా చేతులు తుడుచుకుంటూ, పెళ్లివారి విడిదికి ముగ్గులు పెట్టి లేచినవాళ్లలా సంతోషంగా ఉన్నారు.

"అక్కా! ఏం చేశారు? ఎవరు దూయమన్నారు?" అని అరిచాడు హిమకేతు.

"అరవకురా, రాణిగారు వింటారు" అంది పోలేరక్క. ఆమె ముఖం మాత్రం వాడిపోయి ఉంది. "మొగంచూపు కదా. ఏం చెయ్యమంటావు?"

మొగంచూపు ఆ తోటలో తాతల నాటి ఆచారం. కోతకు ముందు మహారాణి మంజులాక్షి పల్లకిలో వచ్చి పంట ముఖం చూస్తుంది. ఆమె వచ్చే దారివైపు గుత్తికి ఆకు అడ్డం ఉండకూడదు. రాణికి ముసుగేసిన పంట చూపించడం అపచారం. ఏటా ఆమె తూర్పు దారినే వచ్చేది. తూర్పు ఆకు ఎలాగూ ఎప్పుడో దూసి ఉంటుంది కనుక ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు.

"ఈ యేడు పడమటి దారిన వస్తున్నారని నిన్న దండోరా వేశారు" అంది పోలేరక్క. "నేను మొత్తుకున్నాను. 'రాణిగారి కంటే నీ కాయలెక్కువా' అన్నాడు ఆ వచ్చినాయన. ఇంత వయసొచ్చి నా చేత్తో నేనే దూశాను."

"దూసిన ఆకులేవి?"

"గుర్రాలకని ఎత్తుకుపోయారు."

హిమకేతు పడమటి దారి వైపు చూశాడు. వాలు కింద బంగారు పువ్వుల పల్లకి, తెరలు దించి ఉంది. మూడు డేరాలు, నలభైమంది భటులు, ఎర్రపట్టు కప్పిన ఏనుగు. అందరికీ ముందు వెండిబెత్తం పట్టుకుని ఒక రాజోద్యోగి. అతను ఆకాశంలోకి, నేరుగా సూర్యబింబంలోకి చూస్తూ, పొద్దు ఎంతవరకు వచ్చిందో లెక్క చూసుకుంటున్నాడు. చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు.

రెప్ప వెయ్యని కళ్లు లోకంలో ఒక్క శుష్కనేత్రుడికే ఉన్నాయి. హిమకేతు చేతులు అప్రయత్నంగా తలపాగాను ఇంకాస్త కిందికి లాగాయి.

వాడి ఎత్తు అప్పుడు తెలిసింది. తను తీగను తాకకూడదు కనుక తోటవాళ్ల చేతులతోనే, తోటవాళ్ల భక్తితోనే పని జరిపించాడు. ఇప్పుడిక మధ్యాహ్నం కోసం ఎదురుచూస్తున్నాడు. కాయలు కమిలేటప్పుడు ఎవడు గుండెలు బాదుకుంటాడో వాడే రాజకుమారుడని పట్టుకుందామనుకున్నాడు. పాపం, అక్కడే లెక్క తప్పాడు. కాయలు కమిలితే ఆ తోటలో ముప్పైమందీ గుండెలు బాదుకునేవాళ్లే.

పొద్దు నడినెత్తికి రావడానికి ఇంకో రెండు గడియలు. అది దాటితే పడమటెండ వాలు మీదికి దిగుతుంది. హిమకేతుకు కూర్చోవాలనిపించింది. నిజంగానే, అక్కడే మట్టిలో కూర్చుని, ఇక నావల్ల కాదని చెప్పేయాలనిపించింది. ఎవరికి చెప్పాలో తోచక నిలబడ్డాడు.

"నీడ కావాలి. బట్టలు తెండి. చాపలు, దుప్పట్లు, గోనెలు, ఏదైనా" అన్నాడు.

"రాణిగారి ఎదటే కాయకు ముసుగేస్తే తల తీస్తారు" అన్నాడో కూలీ.

సరిగ్గా అప్పుడే పోలేరక్క మేక వాళ్ల పని సులువు చేసింది. అది ఎప్పుడు తాడు తెంపుకుందో గాని, రాజభటుల వరసలోకి దూరి, ఒక భటుడి పిక్కను తీరిగ్గా నములుతోంది. భటుడు కదలలేదు, అరవలేదు. మేక నోట్లో ఎండుగడ్డి వేలాడుతోంది.

"గడ్డిబొమ్మలు!" అని కేక పెట్టింది పోలేరక్క. "ఒరే, మన రాణిగారు గడ్డిబొమ్మల్ని వెంటేసుకుని రారురా! మోసం! లేవండి!"

ముప్పై కొడవళ్లు ఒకేసారి లేచాయి. శుష్కనేత్రుడు బెత్తం ఊపాడు. నలభై బొమ్మలూ ఈటెలెత్తి వాలు మీదికి ఉరికాయి. మనుషులు గడ్డివే అయినా ఈటెలు ఇనపవే. మొదటి పోటుకే ఇద్దరు కూలీలు నెత్తురు కక్కుకుని పడ్డారు. హిమకేతు ఒక ఈటెను పక్కకు తప్పించి, కొడవలితో బొమ్మ నడుము కోశాడు. గడ్డి గుప్పున రాలింది. అంగీ, తలగుడ్డ ఖాళీగా నేలమీద పడ్డాయి.

"అక్కా! బట్టలు!" అన్నాడు అలసట మరిచి.

ఆ తర్వాత జరిగినదాన్ని యుద్ధమనడం కంటే దోపిడీ అనడం మేలు. మగవాళ్లు కోస్తుంటే ఆడవాళ్లు అంగీలు ఏరి, విప్పి, పందిళ్లకు కడుతున్నారు. ఒక సైన్యం బట్టలూడదీసి ఒక పంటకు తొడిగిన యుద్ధం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. హిమకేతు ఏనుగు తోక పట్టుకుని పైకి పాకాడు. అది తొండమెత్తి అతన్ని విసరబోయింది. మెడ దగ్గర పట్టుతాడు కోసేసరికి ఏనుగు కాస్తా వెదురుబొంగులూ పిడకలూ అయి కుప్పకూలింది. అతనూ వాటితోపాటే పడ్డాడు. ఎడమ భుజంలో ఈటె గీసిన గాయం భగ్గుమంది. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. బొంగులు గుంజలయ్యాయి, పట్టుబట్ట రెండో వరసకు నీడయింది. డేరాలు మూడో, నాలుగో వరసలకు సరిపోయాయి. మొదటి వరసకు కట్టడానికి పల్లకి తెరలు చింపితే లోపల రాణీ లేదు, ఎవరూ లేరు. ఒక గుమ్మడికాయ మీద కిరీటం పెట్టి ఉంది.

పొద్దు నడినెత్తి దాటింది. మాంత్రికుడు ఒంటరిగా వరసల మధ్య పచార్లు చేస్తూ, పనిచేసే ప్రతి మగవాడి నుదుటినీ చూసుకుంటూ పోతున్నాడు. తీగను తాకకుండా చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు. ఎవరూ అతన్ని పట్టించుకోలేదు. కొడవలి విసిరినవాడి కొడవలి దూదిలా మెత్తబడి కిందపడింది. ఇంకెవరూ విసరలేదు, పని ఆగిపోతుందని.

అయిదో వరస అంగీలతో అయింది. ఆరో వరసకు కూలీల దుప్పట్లు, చాపలు, గోనెలు. ఏడో వరసకు మగవాళ్ల పైపంచెలు, ఆడవాళ్ల రెండో చీరలు, పోలేరక్క పెళ్లినాటి పసుపు కండువా. హిమకేతు తన పంచె కూడా విప్పి గోచీతో మిగిలాడు. మూడో జాము ముగిసేసరికి ఏడు వరసలకూ నీడ వచ్చింది.

మిగిలింది తల్లితీగ.

అది ఏడో వరస చివర, వాలు నెత్తిన, ఒంటరిగా ఉంటుంది. దక్షిణం వైపు పెద్ద రాతిగుండు ఉండడం వల్ల మూడో జాము దాకా దానికి నీడ ఉంటుంది. అందుకే దాన్ని ఆఖరికి వదిలారు. తోటలో దీనికి సాటి తీగ లేదు. ముందు దీని గుత్తులు తొక్కి, ఆ రసం కాగుకో దోసెడు పోస్తేనే ఆసవం పొంగు పట్టేది. ఇది కమిలితే కాగుల్లో ఉండేది ఉత్త ద్రాక్షనీళ్లే.

గుండు నీడ జరిగిపోతోంది. పడమటెండ గుండు పక్కనుంచి పొడుచుకొచ్చి తీగ మొదలును అందుకుంది. మొదటి గుత్తికి ఇక జానెడు దూరం.

హిమకేతు చుట్టూ చూశాడు. బట్ట లేదు. బొంగు లేదు. వాలు మీద ఉన్నవాళ్లంతా సిగ్గు మాత్రం కప్పుకుని ఉన్నారు. తల్లితీగకు పది అడుగుల దూరంలో, వెండిబెత్తం మీద గడ్డం ఆనించుకుని, శుష్కనేత్రుడు నిలబడి ఉన్నాడు. తోటంతా వెతికాడు. చూడని నుదురు ఒక్కటే మిగిలింది.

పోలేరక్క అతని తలపాగా వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"మూడేళ్లయింది, దాన్ని తియ్యగా చూడలేదు నేను. తియ్యకూడని కారణం ఏదో ఉండే ఉంటుంది. నేను అడగనురా నాయనా. నీ ఇష్టం" అంది మెల్లగా.

ఆలోచించాలంటే ఓపిక ఉండాలి. అది హిమకేతుకు ఎప్పుడో అయిపోయింది. గుండెల దాకా రాయి అయి, కళ్లు మాత్రం తెరుచుకుని దారి చూస్తున్న అన్న గుర్తొచ్చాడు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తలపాగా కొస పట్టుకుని లాగాడు. మూడేళ్ల చెమట పట్టిన పదహారు మూరల బట్ట చుట్టుచుట్టుగా విడిపోయింది. మధ్యకు మడిచి, ఒక కొస గుండు పగుల్లో బిగించాడు. రెండో కొసకు గుంజ లేదు. రెండు చేతులతో పట్టుకుని, తీగకు పడమటివైపు నిలబడి, పైకెత్తాడు.

ఎండ అతని నుదుటి మీద పడింది. నెలవంక తళుక్కుమంది.

"హిమకేతూ!" అన్నాడు శుష్కనేత్రుడు, ఎంతో కాలంగా కనపడని చుట్టాన్ని చూసినట్టు. బెత్తం నేలకు తాటించి మంత్రం మొదలుపెట్టాడు.

చల్లదనం ముందు కాలివేళ్లకు తెలిసింది. తర్వాత మడమలకు. చిత్రమేమిటంటే, మూడేళ్లుగా నొప్పి పుడుతున్న ఆ మడమలు మొదటిసారి నొప్పి మానాయి.

"అక్కా, విను" అన్నాడు గబగబా. "కొండ వెనక గుహలో తామ్రజిహ్వుడనే యక్షుడున్నాడు. ఆసవం పక్వానికి రాగానే మొదటి కాగు అతనికియ్యి. అతనిచ్చే రసం నీలావతికి చేర్చు. అక్కడ మా అన్న ఉన్నాడు. నా పేరు కొండడు కాదు, నా పేరు..."

"పేరు తర్వాత చెబుదువుగాని" అంది పోలేరక్క. కళ్లనీళ్లు ధారగా కారుతున్నా ఆమె చూపు తీగ మీదే ఉంది. "చేతులు ఇంకొంచెం పైకెత్తు నాయనా. పై గుత్తికి ఎండ తగులుతోంది."

హిమకేతు చేతులెత్తాడు. నడుము రాయి అయింది. గాయపడ్డ భుజం మంట చల్లారింది. మోచేతులు, మణికట్లు, బట్టను బిగించి పట్టుకున్న పిడికిళ్లు. ఆఖరున నెలవంక మచ్చ చలువరాతి మీద గీతలా మిగిలింది. తలపాగా నీడ పై గుత్తి మీద పడి, కదలకుండా నిలిచింది.

మాంత్రికుడు నవ్వుతూ ముందుకొచ్చాడు. బట్ట లాగేద్దామని చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. తల్లితీగ నులితీగలు అప్పటికే ఆ బట్ట అంచును పట్టుకుని ఉన్నాయి. దాన్ని తాకితే తీగను తాకినట్టే. తను నిలబెట్టింది ఎలాంటి గుంజనో అప్పుడు అర్థమైంది అతనికి. దానికి చేతులు నొప్పి పుట్టవు, గాలికి ఒరగదు, ఎన్ని మధ్యాహ్నాలైనా దించదు.

పోలేరక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. రాతి పాదాల మీద పడ్డ మట్టిని చేత్తో దులిపింది. తర్వాత తీగ కింద నీడలో చతికిలబడి, కొడవలి ఒడిలో పెట్టుకుని, ఎండలో నిలబడ్డ మాంత్రికుడి వైపు చూసింది.

"ఇంకా పదకొండు రోజులుందయ్యా కోతకి. నీకు రెప్పలు లేవు, నాకు నిద్ర లేదు. కూర్చో" అంది.